కాపరి బిస్కెట్లు

డాక్టర్ వసుంధర క్లినిక్‌లో, జనం కూర్చునే కుర్చీలకు ఎదురుగా గోడకు రెండు అట్టలు వేలాడేవి. పచ్చ అట్ట మీద కుక్కకు పెట్టదగినవి రాసి ఉండేవి. ఉడికించిన గుమ్మడికాయ, చిలగడదుంప, క్యారెట్, ఉప్పూ కారం తగలని కోడిమాంసం, గింజలు తీసిన ఆపిల్, రాగి సంకటి, పులవని పెరుగు. ఎర్ర అట్ట మీద పెట్టకూడనివి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ, వెల్లుల్లి, జాజికాయ, పొంగుతున్న పచ్చిపిండి, షుగరు రోగుల మిఠాయిల్లో వేసే జైలిటాల్.

అవి ఆమె స్వయంగా రాసిన అట్టలు. విశాఖపట్నంలో కుక్కలున్న ఇళ్లవాళ్లలో చాలామంది ఏదో ఒకనాడు వాటి ఎదురుగా కూర్చున్నవాళ్లే. ఫోన్లు చూసుకునేవారు, పక్కవాళ్ల కుక్క వయసు అడిగేవారు. అట్టలు చదివినవాళ్లు మాత్రం అరుదు.

ఒక ఆదివారం ఉదయం పైడిరాజు గారనే రిటైర్డు పోస్టుమాస్టరు తన పొమేరియన్‌ను తువ్వాలులో చుట్టుకుని ఆటోలో వచ్చాడు. భార్య పోయిన తర్వాత ఇంట్లో ఆయన మాట్లాడుకోవడానికి మిగిలింది ఆ కుక్కే. దాని పేరు గోపి. గుండె లెక్కకు అందనంత వేగంగా కొట్టుకుంటోంది. కాళ్లు కొయ్యబారుతున్నాయి.

"ఏం పెట్టారండీ?" అని అడిగింది వసుంధర.

"ఏమీ పెట్టలేదమ్మా. నా షుగరుకి మంచిదని మా కోడలు నల్ల చాక్లెట్ పంపింది. నిన్న టీవీ చూస్తూ నాకో ముక్క, వాడికో ముక్క. అంతే."

వసుంధర రెండు గంటలు పెనుగులాడింది. వాంతి చేయించింది, బొగ్గుపొడి పట్టించింది, సెలైన్ ఎక్కించింది. పదకొండు గంటలకు గోపి గుండె ఆగిపోయింది. పైడిరాజు గారు ఎటు చూడాలో తెలియక గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎర్ర అట్ట చదివి, "ఇక్కడ రాసే ఉందమ్మా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర వసుంధర ముద్ద కలిపి తినకుండా కూర్చుంది. భర్త సుదర్శనం కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆమె అలా కూర్చోవడం ఆయనకు కొత్త కాదు.

"ఆ అట్టలేవో ఇంకాస్త పెద్దక్షరాలతో రాయించు వసూ."

"అక్షరాలతో పోయేది కాదండీ. ముద్దొచ్చి ముందు పెట్టేస్తారు. తర్వాత నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. పెట్టేవాళ్లని నేను మార్చలేను." ఆమె కంచం పక్కకు జరిపింది. "తినేదాన్ని మార్చాలి."

మాట నోటినుంచి వచ్చాకే అందులో ఏముందో ఆమెకు తట్టింది.

*

భీమిలి రోడ్డులో ఒక పశు ఔషధ సంస్థకు చిన్న ప్రయోగశాల ఉండేది. వసుంధర అక్కడ వారానికి మూడు రోజులు సలహాదారుగా పనిచేసేది. సూక్ష్మజీవుల పని చూసేది ఫర్హానా. ముప్పై ఒక్కేళ్ల మనిషి, తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ రాసుకుంటుంది. చాక్లెట్‌లో కుక్కను చంపేది థియోబ్రోమిన్. మనిషి ఒంట్లో అది కొన్ని గంటల్లో అరిగిపోతుంది. కుక్క ఒంట్లో రోజంతా తిరుగుతూ గుండెను తరుముతుంది. దాన్ని కుక్క పేగులోనే, రక్తంలోకి వెళ్లకముందే తినేసే జీవి ఒకటి కావాలని వసుంధర అడిగింది.

ఫర్హానా ఆ వారాంతంలో అరకు వెళ్లి, కాఫీతోటల్లో రాలిన పళ్లతొక్కలు కుళ్లే చోటు నుంచి నాలుగు సీసాల మట్టి తెచ్చింది. "కాఫీతొక్కల్లో పుట్టి పెరిగేవాటికి ఆ చేదే అన్నం మేడమ్" అంది. ఆమె అన్నట్టే ఆ మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. ఆ చేదును అరిగించుకునే దాని విద్యను కుక్క పేగులో సహజంగా ఉండే మరో జీవికి అంటగట్టడానికి రెండేళ్లు పట్టింది. అది బతకడానికి బిస్కెట్‌లో ఒక ప్రత్యేకమైన ఆహారం కలిపారు. బిస్కెట్ మానేస్తే పదిరోజుల్లో ఆ జీవి చచ్చిపోయేలా కట్టడి చేశారు. ప్రయోగశాలలో దానికి కాపరి అని పేరుపెట్టారు.

బిస్కెట్ పాళ్లు వసుంధరవే. రాగిపిండి, గుమ్మడి గుజ్జు, చిలగడదుంప, ఉప్పూ తీపీ లేని వేరుశనగ ముద్ద. కాల్చి చల్లారాక కాపరిని పొడిలా పైన చల్లేవారు.

నలభై కుక్కల మీద పరీక్ష జరిగింది. మొదటి కుక్కకు లెక్కప్రకారం కోకోపొడి పెట్టిన రోజు వసుంధర, ఫర్హానా ఇద్దరూ నేలమీద కూర్చుని దాని పక్కటెముకల మీద చేతులు వేసి ఉంచారు. కుక్కలకు తిండిపెట్టే అప్పలనరసమ్మ గుమ్మం దగ్గర నిలబడి ముక్కున వేలేసుకుంది.

"ఏటమ్మా ఇది, కుక్కలకి సాకలేట్లు పెడతన్నారు. మా ఈదిలో పిల్లలకే నేవు."

గుండె నిదానంగా కొట్టుకుంటూనే ఉంది. మూడు గంటలకు కుక్క ఆవులించి, వసుంధర మోకాలి మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. ఆమె కళ్లు తుడుచుకుంది. ఫర్హానా చూడనట్టు పుస్తకంలో టైము రాసుకుంది.

నలభైలో ఒక్కటీ చావలేదు. కుక్కలతో మసలిన పన్నెండుమంది మనుషుల్ని కూడా ఆరువారాలు పరీక్షించారు. నివేదిక పంపేముందు ఫర్హానా కాగితాలు పట్టుకుని వచ్చింది.

"అప్పలనరసమ్మ గారి కడుపులో కాపరి కనపడింది మేడమ్. మూడు వారాలుంది. తర్వాత లేదు. లేదో, మనకి దొరకలేదో."

"ఆమెకి ఏమైనా అయిందా?"

"ఏమీ అవలేదు. కానీ బిస్కెట్ తినని మనిషిలో అన్నాళ్లు ఎలా ఉంది? మనుషుల్ని ఇంకో ఏడాది చూద్దాం."

"చూస్తే ఏం తెలుస్తుంది ఫర్హానా? మనిషి కడుపులో చాక్లెట్ విషం కరిగితే ఎవరికి నష్టం?"

"కెఫీన్ కూడా దాని చెల్లెలే. అదీ కరుగుతుంది."

"అయితే జనం కాఫీ తాగి హాయిగా నిద్రపోతారు" అంది వసుంధర.

ఇద్దరూ నవ్వారు. తర్వాతి రోజుల్లో వసుంధరకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చింది ఆ నవ్వే. ఫర్హానా నివేదిక చివర ఒక వాక్యం రాసింది, మనుషులలో దీని నిలకడను ఏడాదిపాటు గమనించాలని. ఆ ఏడాదిలో తన బల్ల మీదికి వచ్చే గోపీలను తలచుకుని వసుంధర ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టింది.

*

బిస్కెట్లు మొదట విశాఖలో, తర్వాత దేశమంతటా అమ్ముడుపోయాయి. జంతుప్రేమికులు పొట్లాలు కొని వీధికుక్కలకు పంచారు. వసుంధర కూతురు హరిణి ఓడరేవు ఆఫీసులో పనిచేసేది. భర్త సరుకు ఓడమీద ఇంజనీరు, ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రంలోనే. ఆమె పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేముందు అపార్ట్‌మెంటు గేటు దగ్గర తొమ్మిది కుక్కలకు తన చేత్తో బిస్కెట్లు పెట్టేది. అవి ఆమె వేళ్లు నాకి పంపేవి. "మా అమ్మ చేసిన బిస్కెట్లు" అని వాచ్‌మన్‌తో మొదలుపెట్టి అందరికీ చెప్పుకునేది.

ఆ ఏడాది క్లినిక్‌కు చాక్లెట్ తిన్న కుక్క ఒక్కటి కూడా రాలేదు. వసుంధర ఎర్ర అట్టమీద చాక్లెట్ అన్న మాటపై తెల్లకాగితం అంటించింది.

రెండో ఏడు ఎండాకాలంలో సుదర్శనానికి తలనొప్పి మొదలైంది.

"కాఫీపొడి మార్చావా?"

"లేదండీ. ఎప్పటి కొట్టు నుంచే తెచ్చాను."

"రంగుంది, రుచుంది, పస లేదు. రెండో గ్లాసు తాగినా తాగినట్టే లేదు. మా స్టాఫ్‌రూములో అందరిదీ ఇదే గోల. క్యాంటీనువాడు కల్తీ చేస్తున్నాడని నిన్న పెద్ద రభస."

వారం పదిరోజుల్లో తలనొప్పి దానంతటదే పోయింది. ఆయన కాఫీ అలవాటుకొద్దీ తాగుతున్నాడు, అంతే. ఊళ్లో టీకొట్లవాళ్లు ఆకు కంపెనీలను తిట్టారు, కంపెనీలు తోటల్ని తిట్టాయి. లారీ డ్రైవర్లు టీ తాగి కూడా స్టీరింగ్ మీద కునుకుతున్నారని పేపర్లో ఒక మూల వచ్చింది. వసుంధర అది చదివింది. చదివి పేజీ తిప్పింది. మనసులో ఎక్కడో ఒకటి కదిలితే, ఆరువారాల పరీక్షలు గుర్తుచేసుకుని దాన్ని అణిచేసింది.

ప్రయోగశాలలో అప్పలనరసమ్మ పనికి నాగాలు పెట్టసాగింది. ఆమెకు ఎప్పటినుంచో ఉబ్బసం. సర్కారు ఆస్పత్రిలో ఇచ్చే తెల్లమాత్రతో నెట్టుకొచ్చేది.

"మాత్ర పని సెయ్యట్లేదమ్మా. మునుపు ఒకటేసుకుంటే గుండెల్లో తలుపు తీసినట్టుండేది."

వసుంధర ఆమెకు పీల్చే మందు కొనిచ్చింది, ఎలా పీల్చాలో చూపించింది. అప్పలనరసమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పీలిస్తే మందెలాగవుద్దమ్మా? కడుపులోకి ఎల్లాల గదా" అంది.

ఆగస్టు వానల్లో ఆమె చనిపోయింది. పలకరించడానికి వెళ్తే కోడలు చెప్పింది. "ఒకటేసుకుంది, తగ్గనేదు. ఇంకోటేసుకుంది. మొత్తం అట్ట మింగేసిందమ్మా. మంచినీళ్లు మింగినట్టే అయిపోయింది." చాపమీద ఖాళీ మాత్రల అట్ట ఇంకా అక్కడే ఉంది. వసుంధర తీసి పేరు చదివింది. థియోఫిలిన్. చాక్లెట్‌లోది, కాఫీలోది, ఈ మాత్రలోది, మూడూ ఒకే ఇంటి ఆడపిల్లలని ఆమె పశువైద్య కళాశాల మొదటి ఏడాదిలోనే చదువుకుంది.

ఆ ఇంటి గుమ్మంలో నుంచే ఫర్హానాకు ఫోన్ చేసి మాత్ర పేరు చెప్పింది.

"నేను రెండు వారాలుగా మురుగుకాల్వల నీళ్లు పరీక్షిస్తున్నాను మేడమ్. మీకు ఎలా చెప్పాలా అని చూస్తున్నాను."

*

ఫర్హానా చూపించిన కాగితాల్లో దాపరికం లేదు. పదకొండు కాల్వల్లో పదకొండింటిలోనూ ఉంది. మంచినీళ్లలో ఉంది. కాపరిని చంపడానికి పెట్టిన కట్టడి బాగానే పనిచేసింది. బిస్కెట్ అందనిచోట అది పదిరోజుల్లో చచ్చిపోతూనే ఉంది. కానీ చచ్చేముందు తన విద్యను పక్కనున్న మామూలు జీవులకు అంటించి పోయింది. వాటికి ఏ కట్టడీ లేదు. అవి ప్రతి మనిషి పేగులోనూ పుట్టుకతో చేరేవే.

"మందులతో కడిగేస్తే?"

"నా మీద నేనే చేసుకున్నాను. పదిరోజులు యాంటీబయాటిక్స్ మింగాను. ఆరురోజులు శుభ్రంగా ఉన్నాను. ఏడోరోజు మళ్లీ వచ్చింది. నీళ్లలోంచో, మా అమ్మ చేతి అన్నంలోంచో."

బిస్కెట్ల తయారీ ఒక్కరోజులో ఆపించారు. ఆపినందువల్ల ఏమీ ఆగలేదు. వసుంధర ప్రభుత్వానికి, సంస్థకు, వైద్యమండలికి అన్నీ వివరంగా రాసి పంపింది. ఉబ్బసానికి వేరే మందులున్నాయి, కాఫీ లేకపోతే లోకం మునగదు, పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ఆ జవాబు చదివి ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంది కూడా. అప్పలనరసమ్మ చావు తన మీద ఉంది, దాన్ని మోయాలి. కానీ ఇంకా పెద్దదేదీ లేదేమో అనుకుంది. ఆమె కుక్కల డాక్టరు. మనుషుల పిల్లలు నెలలు నిండకుండా పుడితే వాళ్లకు ఏ మందు ఇస్తారో ఆమెకు తెలియదు.

హరిణికి ఏడో నెల. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగానే ఉమ్మనీరు పోయింది. ఆస్పత్రికి చేరిన రెండు గంటల్లో ఆడపిల్ల పుట్టింది. పదకొండువందల గ్రాములు. చెయ్యి మనిషి బొటనవేలంత. తండ్రి ఆఫ్రికా దాపుల ఎక్కడో ఓడమీద ఉన్నాడు. పేరు ఆయన వచ్చాక పెట్టాలనుకున్నారు.

పసిపిల్లల వార్డు పెద్ద డాక్టర్ ఎస్తేరు రాణి. నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు. ఆమె బయటికి వచ్చి వసుంధరతో, సుదర్శనంతో మాట్లాడింది.

"ఊపిరితిత్తులు పర్వాలేదు. అయితే ఇంత ముందుగా పుట్టిన పిల్లలు ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంటారు. ఉన్నట్టుండి ఆపేస్తారు. అందుకు కెఫీన్ ఇస్తాం. మెదడుకి గుర్తుచేస్తూ ఉంటుంది."

"ఏం ఇస్తారు?" అంది వసుంధర.

"కెఫీన్. కాఫీలో ఉండేదే. నేను ఈ పనిలోకి వచ్చినప్పటినుంచీ ఇస్తున్నాం, బంగారంలాంటి మందు. ఈ మధ్యే ఎందుకో సరిగ్గా పట్టడం లేదు. సరుకులో లోపమేమోనని మూడు కంపెనీలు మార్చి చూశాం."

సుదర్శనం వసుంధర ముఖం చూసి, తనకూ అర్థమై, కళ్లు దించుకున్నాడు.

"మందులో లోపం లేదు డాక్టర్ గారూ" అంది వసుంధర. "మీతో ఒక పావుగంట మాట్లాడాలి."

ఎస్తేరు రాణి గదిలో ఆమె అంతా చెప్పింది. కుక్క చావు దగ్గర్నుంచి కొట్టేసిన వాక్యం వరకు ఏదీ దాచలేదు. ఎస్తేరు రాణి చివర్న ఒకటే అడిగింది.

"మేం నరంలోకి ఇస్తున్నాం. పేగులోని జీవితో దానికి పనేమిటి?"

ఆ ప్రశ్నకు జవాబు ఫర్హానా మర్నాడు తెచ్చింది. నెలలు నిండని పిల్లల పేగుగోడ వడగట్టే గుడ్డంత పల్చన. ఆ జీవులు తయారుచేసే రసం గోడ దాటి రక్తంలోకి దిగుతోంది. నరంలోకి ఎంత మందు పోసినా రక్తంలోనే కరిగిపోతోంది.

"ఇది ఎన్నాళ్లకి పోతుంది?" అంది ఎస్తేరు రాణి.

"పోదు" అంది వసుంధర.

"ఈ ఊళ్లోనా?"

"అన్ని ఊళ్లలో."

ఎస్తేరు రాణి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఏడాదిలో నా వార్డులో ఇరవై ఆరుగురు పిల్లలు పోయారండీ. నా చేతుల్లో ఏదో పోయిందనుకున్నాను. రాజీనామా కాగితం రాసుకున్నాను." సొరుగు తెరిచి ఆ కాగితం చూసింది. మళ్లీ మూసేసింది.

*

వేరే మందు ఒకటి ఉంది. ఇచ్చిన ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి మూర్ఛలు వచ్చాయి. ఊపిరి మిషన్లున్నాయి కానీ ఆ మిషన్ మీద ఎన్ని రోజులుంటే అన్ని గాయాలు ఊపిరితిత్తులకు. మిగిలిన వైద్యం ఒకటే. ఎస్తేరు రాణి తొట్టె పక్కన నిలబడి చూపించింది. పాప ఛాతీ ఆగగానే అరికాలు మీద చూపుడువేలితో ఒక్క దెబ్బ. చిటికె వేసినంత. పాప ఉలిక్కిపడి ఊపిరి తీసింది.

"మిషను కూస్తుంది కానీ అది కూసేదాకా ఆగొద్దు. కళ్లతో చూస్తూ ఉండాలి. నర్సులు చాలరు. మీరే ఉండాలి."

హరిణి, వసుంధర వంతులు వేసుకున్నారు. గంటకు ఏడెనిమిదిసార్లు పాప ఊపిరి ఆగేది. చేత్తో తట్టితే వచ్చేది. రెప్ప వేయడానికి భయం. రెండో రోజుకు ఇద్దరి చూపుడువేళ్లూ నొప్పులు పుట్టాయి. పాప అరికాలు కందింది. ఇంకో కాలు. మళ్లీ మొదటి కాలు.

అయిదోరోజు వంతు మారేటప్పుడు హరిణి లేవలేదు. పాపమీద నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"నర్సులు మాట్లాడుకుంటుంటే విన్నానమ్మా. కుక్కబిస్కెట్ల వల్లనంట. నిజమేనా?"

"నిజం."

"నేను రోజూ నా చేత్తో పెట్టాను. కడుపుతో ఉండి కూడా పెట్టాను. నావల్లే దానికి వచ్చిందా?"

అబద్ధం చెప్పాల్సిన అవసరం వసుంధరకు కలగలేదు. ఈసారి నిజమే కూతురికి కాస్త ఊరట. "కాదమ్మా. నువ్వు పెట్టినా పెట్టకపోయినా వచ్చేది. కుక్కని ఎన్నడూ ముట్టని ఇళ్లలోనూ ఉంది. అది చేసింది నేను. ఏడాది చూద్దామని ఫర్హానా చెప్పింది. వద్దన్నది నేను."

హరిణి వేలు పాప కాలిమీద తట్టింది. పాప ఊపిరి తీసింది.

"ఎందుకు వద్దన్నావు?"

"కుక్కలు చచ్చిపోతున్నాయని."

హరిణి తల ఊపింది. ఆ తర్వాత ఆమె తల్లితో పనిమాటలు తప్ప మాట్లాడలేదు. "రెండింటికి రా." "పాలు మూడు చుక్కలు మిగిలాయి." "ఎడమకాలు మీద కొట్టకు, తోలు లేచింది."

పదకొండోరోజు ఉదయం హరిణి పాలు పిండడానికి పక్కగదికి వెళ్లింది. వసుంధర వంతు. పదింటప్పుడు పాప ఊపిరి ఆగింది. తట్టితే వచ్చింది. నాలుగు ఊపిర్లు తీసి మళ్లీ ఆగింది. తట్టింది. రెండు ఊపిర్లు. మళ్లీ తట్టింది. రాలేదు. ఇంకో కాలు తట్టింది, వీపు రుద్దింది, నర్సును పిలిచింది. ఎస్తేరు రాణి పరిగెత్తుకొచ్చి చిన్న రబ్బరు సంచితో గాలి కొట్టింది. వసుంధర మాత్రం కాలు వదల్లేదు. ఒకటే చోట, ఒకటే వేలితో తడుతూనే ఉంది. కొంతసేపటికి ఎస్తేరు రాణి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

హరిణి చిన్న సీసాలో పాలు పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. వచ్చి సీసా కిటికీ గట్టుమీద పెట్టి, పాపను రెండు చేతుల్లోకి తీసుకుంది. గొట్టాలు లేకుండా పాపను ఎత్తుకోవడం ఆమెకు అదే మొదలు.

"ఎంతసేపు తట్టావు?"

"తెలీదమ్మా."

"నువ్వు కళ్లు తిప్పలేదుగా?"

"తిప్పలేదు."

"తెలుసు" అంది హరిణి.

పన్నెండు గంటలకు సుదర్శనం కిందికి కారు తెచ్చాడు. హరిణి పాపను తెల్లగుడ్డలో చుట్టుకుని లేచింది. వసుంధర కూడా లేచింది. అంతలో పక్కతొట్టె మిషను కూసింది. అక్కడ ఎవరూ లేరు. నర్సు మరో మూల ఇంకో పసివాడికి గాలి కొడుతూ అరిచింది. "అమ్మా, కాస్త ఆ బాబుని చూడండి. తల్లికి కుట్లు చీముపట్టి కింద వార్డులో ఉంది."

వసుంధర రెండడుగుల్లో అక్కడికి వెళ్లి బాబు అరికాలు తట్టింది. ఊపిరి వచ్చింది. వెనక్కి తిరిగి కూతురివైపు చూసింది.

"నువ్వు రావద్దులే. ఇక్కడే ఉండు" అంది హరిణి. ఆమె గొంతులో కోపం లేదు. వరసగా ఉన్న తొట్లవైపు చూసి, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. "ఎంతమంది దగ్గర కూర్చుంటావమ్మా?"

జవాబుకు ఆగకుండా వెళ్లిపోయింది. ఆ బాబు నాలుగురోజులు బతికాడు.

*

డిసెంబరులో విచారణ సంఘం ముందు వసుంధర రెండురోజులు నిలబడింది. సంఘంలో ఒక పెద్దాయన బిస్కెట్ పొట్లం చేతిలో పట్టుకుని, ఇందులో హాని చేసే పదార్థం ఏదో చూపించమన్నాడు. ఆమె వెనకవైపు రాసినవి చదివింది. రాగిపిండి, గుమ్మడి, చిలగడదుంప, వేరుశనగ. అన్నీ మంచివే. ఏ కుక్కకైనా కళ్లు మూసుకుని పెట్టొచ్చు. చివర సన్నటి అక్షరాల్లో మేలుచేసే సూక్ష్మజీవి అని ఉంది. అదీ రాసేటప్పుడు అబద్ధం కాదని ఆమె చెప్పింది. తన తప్పు ఏమిటో, ఏ తేదీన చేసిందో తానే చెప్పింది. లైసెన్సు రద్దయింది. ఆమె ఫొటో అన్ని పేపర్లలో వచ్చింది. ఫర్హానా విరుగుడు కోసం ఇంకా వెతుకుతూనే ఉంది. వెతకడం మొదలుపెట్టినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది.

హరిణి భర్త ఓడ దిగి వచ్చి ఆమెను కాకినాడలో తన అక్కగారింటికి తీసుకెళ్లాడు. తండ్రికి వారానికోసారి ఫోన్ చేస్తుంది. అమ్మ ఎలా ఉందని అడుగుతుంది. ఫోన్ ఇవ్వనా అంటే వద్దంటుంది.

క్లినిక్ మూతపడ్డాక వసుంధర పొద్దున ఎనిమిదినుంచి రెండువరకు ఎస్తేరు రాణి వార్డులో కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. తల్లులు రాలేని తొట్లు ఆమెకు అప్పగించేవారు. కొందరు పిల్లలు నెలలు నిండి ఇంటికి వెళ్లారు. ఎక్కువమంది వెళ్లలేదు.

మాఘమాసంలో ఒకరోజు ఆమె ఒక పాప దగ్గర కూర్చుని ఉండగా తల్లి మొదటిసారి కింది వార్డు నుంచి గోడ పట్టుకుంటూ పైకి వచ్చింది. అనకాపల్లి దగ్గర బెల్లం బట్టీలో పనిచేసే మనిషి, పాతికేళ్లుంటాయి, పేరు లక్ష్మీకాంతం. పాపను కళ్లారా చూసుకుంది. తర్వాత వసుంధర ముఖం చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"పేపర్లో పడింది మీరే గదా?"

"నేనేనమ్మా."

లక్ష్మీకాంతం ముందుకు వంగి, పాప కాలిదగ్గర ఉన్న వసుంధర చేతిని తీసి పక్కకు పెట్టింది. విదిలించలేదు. ఒక వస్తువును తీసి పెట్టినట్టు పెట్టింది. స్టూలు తనవైపు లాక్కుని కూర్చుంది. వసుంధర లేచి గోడవారగా నిలబడింది.

కొద్దిసేపటికి పాప ఛాతీ ఆగింది. లక్ష్మీకాంతం అరికాలు తట్టింది. మెల్లగా తట్టింది, నొప్పి పుడుతుందన్న భయంతో. ఊపిరి రాలేదు. మళ్లీ తట్టింది. పాప పెదవులు నీలమవుతున్నాయి. ఆమె తలెత్తి వార్డంతా చూసింది. దగ్గర్లో నర్సు లేదు.

"కొట్టండి" అంది వసుంధరతో. "మీరే కొట్టండి."

వసుంధర వంగి కొట్టింది. మూడో దెబ్బకు పాప ఉలిక్కిపడి ఏడుపుముఖం పెట్టింది, ఛాతీ లేచింది. లక్ష్మీకాంతం స్టూలు మీద కొంచెం జరిగి చోటిచ్చింది. వసుంధర కూర్చుంది. ఇద్దరూ మళ్లీ ఎప్పుడు ఆగుతుందా అని ఆ చిన్న ఛాతీవైపు చూస్తూ కూర్చున్నారు.